పియర్ పండ్ల బదులు పలాస జీడిపప్పు గీయండి

ఇంగ్లీషులో పియర్ పండు, జంట అనే రెండు మాటలూ ఒకేలా పలుకుతాయని పెళ్లిరోజు కార్డుపై రెండు పియర్ పండ్లు గీస్తే, శ్రీకాకుళంలో మీ ఇంట్లో అందరూ జామకాయలనుకున్నారని రాశారు. తప్పు మీ బొమ్మది కాదు, ఆ పండు మన కళ్లకు అలవాటు లేదు.

పలాస జీడిపప్పు గీయండి. ఇంగ్లీషులో 'నట్స్' అంటే ఇలాంటి పప్పులే. ఒకరంటే పిచ్చి ప్రేమ అని చెప్పడానికీ అదే మాట. రెండు గుండు పప్పులు తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. లోపలి వంపులు ఎదురెదురుగా, లావు కొసలు పైకి, సన్న కొసలు కింద ఆనేలా. అచ్చం హృదయం! లేత మీగడ రంగు వేసి, వంపులో కాస్త గోధుమరంగు నీడ ఇవ్వండి. కింద 'నట్స్' అని రాస్తే చాలు, మీ ఆవిడకు అర్థమవుతుంది. మిగతావారికి హృదయమైనా కనబడుతుంది.