కంప్యూటర్ సందేహాలు: లినక్స్‌లో డాంగిల్ ఎక్కడం లేదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం నెట్ డాంగిల్స్ (సిమ్ వేసి యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే నెట్ పరికరాలు) గురించే, అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఈసారి మొత్తం ఇదే తీసుకున్నాను. కమాండ్లన్నీ తెలుగులోనే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, క్యాపిటల్ కావాల్సిన చోట నేనే చెప్తాను.

ప్రశ్న: సార్, నేను పాడేరు దగ్గర ఒక స్కూల్లో టీచర్ని. మా స్కూలుకి ఎవరో దాతలు పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు, దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. నెట్ కోసం హువావే డాంగిల్ కొన్నాం. పెడితే సీడీ బొమ్మ ఒకటి వస్తోంది, తెరిస్తే విండోస్‌కి సంబంధించిన సెటప్ ఫైల్స్ ఉన్నాయి, క్లిక్ చేస్తే ఏమీ అవ్వట్లేదు. నెట్ మాత్రం రాదు. షాపతను లినక్స్‌లో డాంగిల్ పనిచేయదు, విండోస్ వేయించుకోండి అంటున్నాడు. నిజమేనా?
— ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మాస్టారూ, నిజం కాదు. దయచేసి విండోస్ వేయించకండి, పాత ల్యాప్‌టాప్ మీద అది ఇంకా నెమ్మదిగా నడుస్తుంది, పైగా మీ సమస్యకి దానితో పనే లేదు. 2008 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు అనే లినక్స్ 8.10 వెర్షన్ నాటికే 3జీ డాంగిల్ పెట్టి నెట్‌వర్క్ ఐకాన్ నుంచి కనెక్ట్ అయ్యే సదుపాయం వచ్చేసింది, మీ మింట్ ఆ ఉబుంటు మీద కట్టిందే.

మీకు కనిపిస్తున్న సీడీ బొమ్మే అసలు సంగతి. ఆ డాంగిల్ లోపల రెండు వేషాలు ఉంటాయి. పెట్టగానే తను ఒక సీడీ డ్రైవ్‌నని చెప్పుకుంటుంది, ఎందుకంటే విండోస్ వాళ్ళకి విడిగా డ్రైవర్ సీడీ ఇవ్వకుండా అందులోనే పెట్టేశారు. విండోస్‌లో ఆ డ్రైవర్ ఎక్కాక అదే డాంగిల్‌కి ఒక సంకేతం పంపిస్తుంది, అప్పుడు డాంగిల్ సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా, అంటే నెట్ తెచ్చే పరికరంగా మారుతుంది. లినక్స్‌లో ఆ సంకేతం పంపే పని యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ చేస్తుంది. మీ మెషిన్లో అది లేకపోయి ఉండాలి, లేదా ఉన్నా మీ మోడల్‌ని గుర్తుపట్టకపోయి ఉండాలి.

ముందు చూడండి. టర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కలిపి కొట్టండి. వరుసగా లైన్లు వస్తాయి, వాటిలో హువావే అన్న లైన్లో ఐడీ అని 12డీ1:1446 లాంటి నంబర్ ఉంటుంది. మొదటి నాలుగూ కంపెనీవి, హువావే అయితే 12డీ1, జెడ్‌టీఈ అయితే 19డీ2. తర్వాతి నాలుగే మనకి ముఖ్యం. 1446 అని ఉంటే అది ఇంకా సీడీ వేషంలోనే ఉందని అర్థం. మోడెమ్‌గా మారాక అదే నంబర్ 1436 అనో 1506 అనో 1001 అనో మారుతుంది, మోడల్‌ని బట్టి. జెడ్‌టీఈ వాటిలో సీడీ వేషానికి ఎక్కువగా 2000 అని ఉంటుంది.

నెట్ లేకుండా చేయగలిగిన మొదటి ప్రయత్నం ఒకటుంది. ఆ సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఇజెక్ట్ నొక్కండి. చాలా జెడ్‌టీఈ డాంగిల్స్ ఇంతమాత్రానికే మోడెమ్‌గా మారిపోతాయి, హువావేల్లో కొన్ని మారతాయి కొన్ని మారవు. నొక్కాక మళ్ళీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి నంబర్ మారిందేమో చూడండి.

మారకపోతే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేయాలి, కానీ నెట్ లేనిదే ప్యాకేజీ రాదు, ప్యాకేజీ లేనిదే నెట్ రాదు, ఇక్కడే చాలామంది ఆగిపోయి షాపుకెళ్తారు. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది కదా మాస్టారూ, దాన్ని ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని ఏ డ్రైవరూ అడక్కుండా వైర్డ్ నెట్‌లాగా తీసేసుకుంటుంది. ఆ పది నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో యూఎస్‌బీ హైఫన్ మోడ్‌స్విచ్ అని వెతికి ఇన్‌స్టాల్ చేసేయండి, దాని వెంట మోడల్స్ జాబితా ఉండే డేటా ప్యాకేజీ కూడా దానంతటదే వస్తుంది. తర్వాత ఫోన్ తీసేసి, డాంగిల్ పీకి మళ్ళీ పెట్టండి.

ఇక్కడ ఒక్క విషయం, పెట్టాక కనీసం ఒక నిమిషం దాన్ని ముట్టుకోకండి. డాంగిల్ వేషం మార్చుకోవాలి, తర్వాత మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ దాని పోర్టులన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూడాలి, దానికి అర నిమిషం పైనే పడుతుంది. పది సెకన్లకి ఏమీ రాలేదని పీకేసి మళ్ళీ పెట్టి మళ్ళీ పీకేవాళ్ళని ఎంతమందిని చూశానో, వాళ్ళ డాంగిల్స్‌కి ఏ జబ్బూ లేదు, టైమ్ ఇవ్వలేదంతే.

అప్పటికీ 1446 దగ్గరే ఉంటే చేత్తో మార్చాలి. ఫోన్లో చెప్పినట్టు చెప్తాను, అలాగే కొట్టండి: సుడో, ఖాళీ, యూఎస్‌బీ అండర్‌స్కోర్ మోడ్‌స్విచ్, ఖాళీ, హైఫన్ వీ, ఖాళీ, 12డీ1, ఖాళీ, హైఫన్ పీ, ఖాళీ, 1446, ఖాళీ, హైఫన్ జే. ఈ చివరి జే ఒక్కటే క్యాపిటల్. కొట్టగానే సీడీ బొమ్మ మాయమవుతుంది, అదే గుర్తు.

ఇక మిగిలింది ఏపీఎన్, అంటే మీ సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్ళే దారి పేరు. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లోకి వెళ్ళి ప్లస్ నొక్కి మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకుంటే దేశం, కంపెనీ, ప్లాన్ వరుసగా అడుగుతుంది. మీ ప్లాన్ ఆ లిస్టులో లేకపోతే కంగారు లేదు, ప్లాన్ లేదు అనే దాన్ని ఎంచుకుని ఏపీఎన్ చేత్తో రాయండి: బీఎస్ఎన్ఎల్ అయితే బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, జియో అయితే జియోనెట్. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. మొదట్లో మేమంతా డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రామ్‌లో స్టార్ 99 హ్యాష్ అని నంబర్ రాసి డయల్ చేసేవాళ్ళం, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క చుక్క తప్పినా ఎక్కేది కాదు, ఇప్పుడు మీకు ఆ బాధ లేదు.

స్కూలు పిల్లల కోసం కాబట్టి ఇంకోటి చెప్తాను, ఆ కనెక్షన్ సెట్టింగ్‌లోనే ఆటోమేటిక్‌గా కనెక్ట్ అవ్వు అనే టిక్ పెట్టి, అందరు యూజర్లూ వాడుకోవచ్చు అనే టిక్ కూడా పెట్టండి, మీరు లేని రోజు కూడా డాంగిల్ పెడితే చాలు నెట్ వస్తుంది.

ప్రశ్న: అన్నా, నాది హువావే ఈ3372. ఉబుంటులో పెడితే మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అనే ఆప్షనే రావట్లేదు. రెండు రోజుల నుంచి యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌తో కుస్తీ పడుతున్నా. ఎల్ఎస్‌యూఎస్‌బీలో 12డీ1:14డీసీ అని వస్తోంది.
— ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, నీ డాంగిల్ ఆల్రెడీ మారిపోయింది, నువ్వు వెతికే చోటు వేరు. ఈ మోడల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి మామూలు మోడెమ్ లాంటిది, రెండోది హైలింక్ అంటారు, 14డీసీ అంటే ఆ రెండోదే. ఇది మోడెమ్‌గా కనిపించదు, లోపలే చిన్న రౌటర్ ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం నెట్‌వర్క్ కార్డులా, అంటే వైర్డ్ కనెక్షన్‌లా కనిపిస్తుంది. అందుకే మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఆప్షన్ రాలేదు, ఎప్పటికీ రాదు కూడా.

బ్రౌజర్ తెరిచి అడ్రస్ బార్‌లో 192.168.8.1 అని కొట్టు. డాంగిల్ సొంత పేజీ వస్తుంది. సిమ్, ఏపీఎన్, సిగ్నల్ అన్నీ అక్కడే. ఏపీఎన్ సరిచేసి మొబైల్ డేటా ఆన్ చేస్తే అయిపోయింది. ఆ పేజీ కూడా రాకపోతే నెట్‌వర్క్ ఐకాన్‌లో కొత్తగా వచ్చిన వైర్డ్ కనెక్షన్ ఆన్‌లో ఉందో లేదో, అడ్రస్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడు. కనెక్ట్ అయింది కానీ సైట్లు తెరుచుకోవట్లేదు అనుకో, టర్మినల్లో పింగ్ 8.8.8.8 కొట్టి చూడు, దానికి జవాబు వస్తుంటే నెట్ ఉన్నట్టే, సైట్ల పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే సరిచేసుకోవాలి.

ప్రశ్న: మాది ఉట్నూర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు, రేకుల షెడ్డు. డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాం. డాంగిల్ కనెక్ట్ అవుతుంది కానీ పది నిమిషాలకోసారి పోతుంది. అప్లికేషన్ సగం నింపాక పోతే జనం ముందు తల దించుకోవాల్సి వస్తోంది సార్.
— ఒక షాపు యజమాని, ఉట్నూర్

జవాబు: ఇది చాలా బాధాకరమైన ఇబ్బంది, ఫీజు కట్టే టైమ్‌లో పోతే ఇంకా ఘోరం. రెండు కారణాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది, ఏదో తేల్చుకునే పద్ధతి చెప్తాను. టర్మినల్లో సుడో, ఖాళీ, డీఎమ్ఈఎస్‌జీ, ఖాళీ, హైఫన్ డబ్ల్యూ అని కొట్టి ఆ విండో పక్కన తెరిచే ఉంచండి. నెట్ పోయిన క్షణంలో అక్కడ యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని కొత్త లైన్ పడిందా? పడితే కరెంటు సమస్య. ఏ లైనూ పడకుండా నెట్ మాత్రమే పోతే సిగ్నల్ సమస్య.

కరెంటు అంటే ఇంటి కరెంటు కాదు, యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకే ఇస్తుంది. సిగ్నల్ వీక్‌గా ఉన్న చోట డాంగిల్ గట్టిగా అరిచి టవర్‌కి వినిపించాలి కదా, ఆ టైమ్‌లో దానికి ఇంచుమించు అదంతా కావాలి. డెస్క్‌టాప్ ముందు వైపు పోర్టులకి క్యాబినెట్ లోపల సన్నటి వైరు ఉంటుంది, అక్కడ ఓల్టేజి పడిపోయి డాంగిల్ ఆఫ్ అయి మళ్ళీ ఆన్ అవుతుంది. అందుకని వెనక వైపు మదర్‌బోర్డు మీదున్న పోర్టుకే పెట్టండి, కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ గుచ్చిన చవక హబ్‌కి మాత్రం పెట్టకండి.

సిగ్నల్ అయితే మీ రేకులే ప్రధాన కారణం అనుకుంటున్నాను, లోహపు రేకులు సిగ్నల్‌ని లోపలికి రానివ్వవు. మంచి మందపాటి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒక మీటరుది తీసుకుని డాంగిల్‌ని కిటికీ దగ్గరకో గుమ్మం పైకో తీసుకెళ్ళండి. సన్నటి పొడుగు కేబుల్ కొంటే సిగ్నల్ బాగుపడుతుంది కానీ కరెంటు సమస్య మొదలవుతుంది, అందుకే మందపాటిది అన్నాను. ఎంత మెరుగైందో అంకెల్లో చూడాలంటే ఎమ్ఎమ్‌సీఎల్ఐ హైఫన్ ఎమ్ 0 అని కొట్టండి, సిగ్నల్ క్వాలిటీ అని శాతంలో చూపిస్తుంది. డాంగిల్‌ని ఒక చోట పెట్టి ఒక నిమిషం ఆగి చదవండి, ఇంకో చోట పెట్టి చదవండి, ఎక్కువ వచ్చిన చోట మేకు కొట్టి కట్టేయండి.

ప్రశ్న: అటక మీద పాత సామాన్లలో సీడీఎంఏ డాంగిల్ ఒకటి, 3జీ డాంగిల్ ఒకటి దొరికాయి. లినక్స్‌లో వాడుకోవచ్చా? 3జీ దాంట్లో జియో సిమ్ వేస్తే వస్తుందా?
— ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రెండింటినీ లినక్స్ గుర్తుపడుతుందమ్మా, కానీ సీడీఎంఏ అనేది పాత రకం మొబైల్ నెట్‌వర్క్, ఆ డాంగిల్‌కి అవతల నెట్‌వర్కే లేదు, మన దేశంలో ఆ సర్వీసులన్నీ ఆగిపోయాయి. జియో మొదలైందే 4జీతో, దానికి 2జీ 3జీ లేవు, కాబట్టి 3జీ డాంగిల్‌లో ఆ సిమ్ వేసినా పలకదు. ఎయిర్‌టెల్ కూడా 3జీ ఆపేసింది. వీటి మీద డబ్బు, టైమ్ పెట్టకండి, 4జీ డాంగిల్ తీసుకోండి, ఒకవేళ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఏదైనా కంపెనీకి లాక్ అయి ఉందేమో మీ సిమ్ వేసి చూశాకే డబ్బులివ్వండి.

ప్రశ్న: నేను జర్మనీలో ఆఖెన్‌లో ఎమ్ఎస్ చేస్తున్నా. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ డాంగిల్‌లో వేస్తే లినక్స్ ప్రతిసారీ పిన్ అడుగుతోంది. ఇండియా సిమ్‌కి ఎప్పుడూ అడగలేదు. రెండుసార్లు తప్పు కొట్టాను, భయంగా ఉంది.
— ఒక విద్యార్థి, ఆఖెన్

జవాబు: ముందు ఇక చెయ్యి ఆపు తమ్ముడూ. మూడోసారి తప్పితే సిమ్ లాక్ అయి, ఆ లాక్ తీసే పీయూకే నంబర్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది, కొత్తది తెచ్చుకోవాల్సిందే. అక్కడ సిమ్‌లు పిన్ ఆన్ చేసి ఇవ్వడం మామూలే, మన దగ్గర ఆఫ్‌లో ఇస్తారు కాబట్టి మనకి అలవాటు లేదు. సిమ్ విరిచి తీసిన పెద్ద ప్లాస్టిక్ కార్డు పారేశావా? పిన్, పీయూకే రెండూ దాని మీదో, దానితో వచ్చిన కాగితం మీదో ఉంటాయి, వెతుకు. దొరికాక సిమ్‌ని ఫోన్లో వేసి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆఫ్ చెయ్యి, తర్వాత డాంగిల్‌లో వేస్తే ఇక అడగదు. లాక్ ఉంచుకోవడమే మంచిదనుకుంటే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్ తెరిచి పిన్ అనే గడిలో రాసి సేవ్ చెయ్యి, కాకపోతే ఆ నాలుగంకెలు సరైనవే అని ఒకటికి రెండుసార్లు చూసుకో, ఎందుకంటే నీకు మిగిలింది ఒక్క ఛాన్సే, తప్పుడు పిన్ సేవ్ చేస్తే నువ్వు అడక్కపోయినా డాంగిల్ పెట్టగానే అదే వెళ్ళి కొట్టేస్తుంది.