ఉప్పు మడులతో మొదలుపెట్టకు

ఒంగోలు

తమ్ముడూ,

కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల లోపంతో (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అనే జబ్బుతో) పుట్టిన పిల్లల్ని మడమ దగ్గర తీసిన రక్తపు చుక్కతో కనిపెట్టే పరీక్ష, దాని చరిత్ర రాయాలని నీకు తోచినందుకే చాలా సంతోషించాను.

మొదటి పేరాలోని ఇసకపల్లి ఉప్పు మడుల వర్ణన తీసెయ్. బాగుంది, కానీ చదివినవాళ్లు ఇది తిండిలో ఉప్పు తగ్గితే వచ్చే జబ్బనుకుంటారు. ఈ జబ్బున్న ఎక్కువమందిలో లోపించేది 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్. దాంతో, జబ్బుపడ్డప్పుడు ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ చాలినంత తయారు కాదు. తీవ్రంగా ఉంటే, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ కూడా తగ్గి, ఒంట్లోని సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం పెరుగుతుంది.

పుట్టి రెండు వారాలైన మగబిడ్డతో మొదలుపెట్టు. ఆడపిల్లల్లో చాలాసార్లు పుట్టగానే జననాంగాల్లో తేడా కనిపించి డాక్టరుకు అనుమానం వస్తుంది. (ఆ సంగతి రాసేటప్పుడు బిడ్డ మర్యాద కాపాడు, వింతగా చూపించకు.) మగబిడ్డలో ఆ తేడా ఉండదు. పాలు తాగడం తగ్గిస్తాడు, వాంతులు చేసుకుంటాడు, బరువు తగ్గుతాడు. ఇంట్లో దిష్టి తీస్తారు. ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్ అనుకోవచ్చు. ఈలోపు బిడ్డ షాక్‌లోకి వెళ్లిపోతాడు. 1950 నాటికే బాల్టిమోర్‌లో లాసన్ విల్కిన్స్ అనే పిల్లల డాక్టరు, కార్టిసాల్ లోటు తీర్చే కార్టిసోన్‌తో వైద్యం చేశాడు. మందు ఉంది, అది ఎవరికి కావాలో మాత్రం సమయానికి తెలియదు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ అనే అమెరికా శాస్త్రవేత్త వేరే జబ్బు కోసం ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టిన రక్తపు చుక్కను వాడాడు. 1977లో సాంగ్జా పాంగ్, మరియా న్యూ బృందం అలాంటి చుక్కలోనే, ఆ ఎంజైమ్ లేనప్పుడు రక్తంలో పేరుకుపోయే 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను కొలిచే పద్ధతి ప్రకటించింది. తర్వాత అలాస్కాలోని యూపిక్ అనే ఆదివాసీ జనంలో పరీక్షిస్తే దాదాపు 280 మందిలో ఒకరికి ఈ జబ్బు కనిపించింది. పేర్లు, తేదీలు ఇంత చాలు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో జబ్బు లేకపోయినా ఈ హార్మోన్ ఎక్కువగా కనిపిస్తుంది. మళ్లీ రక్తం తీయాలని ఫోన్ వస్తే, ఆ రిపోర్టు వచ్చేదాకా తల్లి పడే టెన్షన్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఆమెను వ్యాసంలోకి తీసుకురా.

మన దేశం లెక్కలు సరిచూసుకో. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఐదు కేంద్రాల్లో లక్షకు పైగా శిశువుల్ని పరీక్షిస్తే 5,762 మందికి ఒకరు తేలారు. చెన్నైలో 2,036 మందికి ఒకరు. చెన్నై దగ్గరే కదా అని ఆ అంకెను నెల్లూరుకు అంటగట్టకు.

మేనరికం గురించి తప్పకుండా రాయి, దగ్గరి చుట్టాలైతే ఇద్దరిలోనూ ఒకే జన్యులోపం ఉండే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యులోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరూ అని నొక్కి రాయి. కోడలి వైపు వేలు చూపే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు.

మందుల డోసులు రాయకు. కానీ జ్వరం వస్తే, కార్టిసాల్ బదులు రోజూ ఇచ్చే హైడ్రోకార్టిసోన్ డోసు డాక్టరు చెప్పినట్టు పెంచాలనీ, మందు ఆపకూడదనీ తప్పక ఉండాలి. నెల్లూరులో పిల్లల డాక్టరు ఒకరికి చూపించాకే మార్చిన ప్రతి నాకు పంపు.

ఆశీస్సులతో,
అన్న