స్లాట్‌లో పట్టింది గానీ, లాప్‌టాప్ గుర్తుపట్టలేదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కోసం 2018లో కొన్న లాప్‌టాప్ అండీ. ఇప్పుడు ఆన్ చేసి, వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎస్ఎస్‌డీ (చిప్‌ల మీద దాచుకునే వేగమైన డిస్క్) వేస్తే బాగుపడుతుందంటే 500 జీబీ ఎన్‌వీఎంఈ (ఎస్ఎస్‌డీల్లో ఇంకా వేగమైన రకం) తెప్పించి, వీడియో చూసి నేనే బిగించాను. స్లాట్‌లో చక్కగా పట్టింది, స్క్రూ కూడా పడింది, కానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) దాని పేరే లేదు. ఎస్ఎస్‌డీ పాడా, స్లాట్ పాడా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బహుశా రెండూ బాగానే ఉండి ఉంటాయండీ. ఎం.2 అన్నది ఆ స్లాట్ ఆకారానికి పేరు, అంతే. లోపల దానికి సాటా (హార్డ్ డిస్కులకి వాడే పాత, నెమ్మదైన దారి) లైను ఇచ్చారా, ఎన్‌వీఎంఈకి కావాల్సిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైను ఇచ్చారా, రెండూ ఇచ్చారా అన్నది మదర్‌బోర్డు చేసినవాళ్ల ఇష్టం, పైకి చూస్తే తెలిసి చావదు. ఆ రోజుల్లో వచ్చిన లాప్‌టాప్‌లలో సాటా ఒక్కటే ఇచ్చి సరిపెట్టినవి ఉన్నాయి, మీది అదే అయ్యుంటుందని నా అనుమానం.

ఎస్ఎస్‌డీని బయటికి తీసి బంగారు రంగు గీతలున్న అంచు చూడండి. అక్కడ ఒకే గాటు ఉంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా. ఎక్కువగా అంటున్నాను, ఎందుకంటే రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి, అందుకని గాట్లు లెక్కపెట్టి డబ్బులు కట్టేయకుండా లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదుండే పూర్తి మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ వెతికి, అందులో ఏ రకం రాశారో చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండే సిరీస్ పేరు పనికిరాదు, ఒకే పేరు మీద నాలుగు రకాల బోర్డులు అమ్ముతారు.

మాన్యువల్‌లో సాటా అనే ఉంటే, గడువు దాటకముందే దాన్ని వాపసు చేసి, ఎం.2 సాటా 2280 తీసుకోండి (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు అని దానర్థం). లేదా పాత హార్డ్ డిస్క్ తీసేసి ఆ చోట 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టండి. సాటా అంటే సెకనుకు సుమారు 550 ఎంబీ, ఎన్‌వీఎంఈ అంతకు కొన్ని రెట్లు, నిజమే. కానీ మీ పాత డిస్క్ 100 దాటడమే కష్టం, పైగా అది ప్రతి చిన్న ఫైలుకీ పళ్లెం మీద ముల్లు జరుపుకుంటూ వెతుక్కోవాలి. ఆ వెతుకులాట పోతే చాలు, మిగతా తేడా మీ అమ్మాయి కంటికి ఆనదు. వాపసు కుదరకపోతే ఎన్‌వీఎంఈకి సరిపడే యూఎస్‌బీ కేసు కొని అందులో వేసేయండి, ఫొటోల బ్యాకప్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది.

అన్నట్టు, విండోస్ పాత డిస్క్ నుంచి కాపీ చేసేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, రికవరీ కీ (ఆ తాళం తీసే నంబరు) ఒక కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: 2011 నాటి లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ పెడితే లోపల కదులుతోంది. డీవీడీ డ్రైవ్ చోట పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పాత డిస్కులు 9.5 మి.మీ. మందం, ఎస్ఎస్‌డీలు 7. ఆ రెండున్నర మిల్లీమీటర్లకి ప్లాస్టిక్ ఫ్రేము దొరుకుతుంది, కొన్ని ఎస్ఎస్‌డీల డబ్బాలోనే ఇస్తారు. డీవీడీ చోట పెట్టుకోవడానికి క్యాడీ అని (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రం) అమ్ముతారు, అయితే అందులోనూ 9.5, 12.7 అని రెండు సైజులు. నేను కొలవకుండా 12.7ది తెప్పించాను, ఎంత నెట్టినా దూరలేదు, మూడేళ్లుగా టేబుల్ సొరుగులో పడి ఉంది. మీరు మాత్రం డీవీడీ డ్రైవ్ బయటికి లాగి స్కేలు పెట్టాకే ఆర్డరివ్వండి. ఎస్ఎస్‌డీని అసలు చోటే ఉంచి, పాతదాన్ని క్యాడీలోకి మార్చండి, కొన్ని మోడళ్లలో డీవీడీ లైను నెమ్మది.

ప్రశ్న: 500 జీబీ అని కొంటే 465 చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లేదు, పాపం ఆయన్ని ఏమీ అనకండి. కేబీ, ఎంబీ, జీబీ అని ప్రతి మెట్టునూ కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 1 టీబీ కొన్నా 931 అనే చూపిస్తుంది.