బేస్‌మెంట్ ఉందా? టెస్ట్ చేయించారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను అమెరికాలోని అయోవాలో ఒక ఫ్యామిలీ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. పేషెంట్లకు రేడాన్ గురించి చెప్పమని పై నుంచి ఆర్డర్. కరపత్రాలు ఇస్తున్నాను, సాయంత్రానికి అవన్నీ పార్కింగ్ పక్కన చెత్తబుట్టలో ఉంటున్నాయి. మన తెలుగువాళ్లయితే "కొత్త ఇల్లండీ, మాకేం ఉండదు" అనేస్తున్నారు. ఎలా చెబితే వింటారు?

జవాబు: ముందు ఆ కరపత్రాలు పక్కన పెట్టండమ్మా. బీపీ, షుగర్, మందుల చీటీ అయ్యాక మీ చేతిలో మిగిలేది ఒక్క నిమిషం, అందులో యురేనియం, రేడియం అని పాఠం మొదలుపెడితే ఎవరి తలకీ ఎక్కదు. సిగరెట్ తాగుతారా అని ఎలాగూ అడుగుతారుగా, ఆ వెంటనే అదే గొంతుతో "మీ ఇంట్లో రేడాన్ టెస్ట్ ఎప్పుడైనా చేయించారా?" అని అడగండి. లేదంటారు, అదేంటని వాళ్లే అడుగుతారు.

అప్పుడు చెప్పండి. నేలలోంచి పుట్టే గ్యాస్ అది, రంగు లేదు, వాసన లేదు, పునాది పగుళ్లలోంచి, పైపుల పక్క సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది, చలికాలం తలుపులన్నీ బిగించుకుని కూర్చుంటాం కాబట్టి లోపలే నిలిచిపోతుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. అంతే, అక్కడితో ఆపేయండి.

కొత్త ఇల్లన్నవాళ్లకు మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఇల్లు ఎంత కొత్తదైనా కింద ఉన్న మట్టి పాతదే కదా! పక్కింటి రిపోర్టు కూడా పనికిరాదు, ఒకే వీధిలో రెండిళ్లకు రెండు రకాలుగా రావచ్చు. పైగా మీ అయోవాలో 99 కౌంటీలనూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఎక్కువ రేడాన్ ఉండే జోన్ 1లోనే పెట్టింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు లెక్కలు అడుగుతారు, ఇవ్వండి. రేడాన్‌ను కొలిచేది పికోక్యూరీల్లో. లీటరు గాలికి 4 పికోక్యూరీలున్న ఇంట్లో జీవితాంతం ఉంటే, సిగరెట్ ముట్టనివాళ్లు వెయ్యి మందిలో సుమారు 7 మందికి, తాగేవాళ్లయితే 62 మందికి ఆ క్యాన్సర్ వస్తుందని ఈపీఏ అంచనా. అందుకే పొగతాగే పేషెంటుకు ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పాలి, ఇల్లు బాగుచేయించుకుని సిగరెట్ మానకపోతే సగం పని చేసినట్టే. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే బాగుచేయించమని ఈపీఏ అంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ఇంకా కింద, సుమారు 2.7 దగ్గర ఉంది. కాబట్టి 3.9 వచ్చిందని సంబరపడక్కర్లేదు.

కథలు ఇష్టపడేవాళ్లకు స్టాన్లీ వాట్రస్ సంగతి చెప్పండి. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో ఈ ఇంజినీరు గేటు దాటితే రేడియేషన్ అలారం మోగింది, అదీ బయటికొస్తుంటే కాదు, డ్యూటీకి లోపలికి వెళ్తుంటే! చివరికి చూస్తే అదంతా ఇంటి నుంచి ఒంటి మీద తెచ్చుకున్నది, ఆ ఇంట్లో రేడాన్ సుమారు 2,700 పికోక్యూరీలు ఉంది.

అన్నిటికంటే పనిచేసేది టెస్ట్ కిట్‌ను, అంటే గాలిలోని రేడాన్‌ను పట్టే చిన్న బొగ్గు డబ్బాను, చేతిలో పెట్టడం. క్లినిక్ డబ్బుతో కొన్ని కొనిపించగలిగితే మంచిది, బయటైనా పెద్ద ఖరీదేం కాదు. కొన్న కిట్ కూడా వంటింటి సొరుగులో ఆర్నెల్లు పడుంటుంది, అది వేరే టెన్షన్. అందుకని కవరు మీద పెన్నుతో రాసివ్వండి: "గురువారం ఉదయం నుంచి కిటికీలు మూసెయ్యండి, రాత్రి డబ్బా మూత తీసి బేస్‌మెంట్‌లో బల్ల మీద పెట్టండి, ఆదివారం రాత్రి మూసెయ్యండి, సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కు పోస్ట్." బొగ్గు డబ్బాలో పట్టిన రేడాన్ నాలుగు రోజుల్లోపే సగమైపోతుంది, అందుకే పోస్టు ఆలస్యమైతే టెస్టు పాడవుతుంది. రాసిచ్చింది వాళ్ల నోటితో ఒకసారి చెప్పించుకోండి, చార్టులో ఎక్కించండి, మళ్లీ వచ్చినప్పుడు షుగర్ నంబరుతో పాటు ఈ నంబరూ అడగండి.

ఎక్కువొస్తే ఇల్లు అమ్ముకోవాలేమో అని కంగారుపడతారు. అక్కర్లేదు, గచ్చు కింద నుంచి పైపు వేసి, ఫ్యాను పెట్టి, ఆ గాలిని ఇంటికప్పు పైకి వదిలేస్తారు. వాట్రస్ కుటుంబం కూడా మరమ్మతు తర్వాత ఆ ఇంటికే తిరిగొచ్చింది.

ప్రశ్న: మాది గుంటూరు. ఒహాయోలో మా అబ్బాయి ఇంట్లో ఆర్నెల్లు బేస్‌మెంట్ గదిలో పడుకున్నాం. అక్కడ రేడాన్ 6 అని ఇప్పుడు తేలిందట. నాకు నెల నుంచి దగ్గు. దానివల్లేనా?

జవాబు: కాదండీ, రేడాన్ వల్ల దగ్గు, తలనొప్పి లాంటివి రావు, ఆర్నెల్లకు వచ్చే ముప్పు కూడా చాలా తక్కువ. కానీ నెల రోజుల దగ్గును ఊరికే వదలకూడదు, ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి, కళ్లె పరీక్ష, ఎక్స్‌రే అంటే చేయించుకోండి. మీ అబ్బాయికి మాత్రం ఫోన్ చేసి ఆ పైపు పని ఎప్పుడని అడగండి, మనవడి ఆటబొమ్మలన్నీ ఆ గదిలోనే ఉండి ఉంటాయి.