‘పాలు పంచుకున్నారు’ అంటే తికమక పడతారా?

సందేహం: “‘ఊరి పనుల్లో అందరూ పాలు పంచుకున్నారు’ అని రాస్తే, అమెరికాలో పెరుగుతున్న మా మనవరాలు ‘ఎన్ని లీటర్లు తాతా?’ అని అడిగింది. రెండర్థాల మాటలు మానేసి, ‘పాల్గొన్నారు’ అని రాయడం మంచిదా?”

సమాధానం: మార్చకండి. ‘పాల్గొను’లో ఉన్నదీ ఆ పాలే (పాలు + కొను), వాటా తీసుకోవడం అని.

ఇక తికమక సంగతి. తెలిసిన భాషలో మాట చెవిన పడితే వద్దనుకున్నా అర్థమైపోతుంది, బస్సులో వెనక సీటువాళ్ల ఇంటి గొడవలన్నీ మనకు తెలిసేది అందుకే. మరి రెండర్థాలుంటే? 1979లో డేవిడ్ స్విన్నీ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. ఇంగ్లిష్‌లో ‘బగ్స్’ అంటే పురుగులు, దొంగచాటుగా మాటలు వినే పరికరాలు కూడా. సాలీళ్లు, బొద్దింకల ప్రస్తావనతో ఆ మాట ఉన్న వాక్యం వినిపిస్తూ, సరిగ్గా ఆ మాట వినబడగానే తెరమీద అక్షరాలు చూపించి, అది అసలు పదమో కాదో చెప్పమన్నాడు. సందర్భం పురుగులదే, అయినా సంబంధం లేని పదాలకన్నా ‘చీమ’కీ, ‘గూఢచారి’కీ రెండింటికీ త్వరగా జవాబొచ్చింది! ఇంకో మూడు సిలబుల్స్ గడిచాక చూపిస్తే ఆ వేగం చీమకే మిగిలింది. అంటే రెండర్థాలూ లేస్తాయి, అక్కర్లేనిది మనం గమనించేలోపే జారిపోతుంది. ఎక్కువ వాడుకలో ఉన్న అర్థం మరింత బలంగా లేస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మీ మనవరాలికి తెలిసింది తాగే పాలొక్కటే అయ్యుంటుంది. దాన్ని పక్కకు నెట్టడానికి రెండో అర్థమే లేదు పాపం.

మామూలుగా తెలుగు వ్యాకరణం కూడా సాయపడుతుంది. తాగే పాలు బహువచనం, ‘పాలు విరిగాయి’ అంటాం, వాటా అయితే ‘నా పాలు నాకు వచ్చింది’. విభక్తి చేరితే ఒకటి ‘పాల గిన్నె’, ఇంకొకటి ‘పాలివాళ్లు’, ‘నా పాలిట’. మీ వాక్యంలో ఈ గుర్తులేవీ లేవు కాబట్టి భారమంతా ముందున్న ‘పనుల్లో’ మీదే పడింది, ఆ మాట మాత్రం తీసేయకండి. ‘పాలు పంచుకున్న కలెక్టర్’ అని శీర్షిక పెడితే పెద్దవాళ్లు కూడా ఒక క్షణం ఆగుతారు, అక్కడైతే ‘పాల్గొన్న’ అనే రాస్తాను నేను.

పాపకు అర్థం బట్టీ పట్టించక్కర్లేదు. ‘అప్పులపాలయ్యాడు’, ‘నవ్వులపాలయ్యాడు’ లాంటివి ఫోన్‌లో కథలు చెప్పేటప్పుడు వాడుతూ ఉండండి, చాలు.