పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మేనేజ్డ్ స్విచ్ అమర్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా కార్యాలయానికి కొత్తగా 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మనమే మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్) తెచ్చుకున్నాము. సిబ్బంది కంప్యూటర్లకు వీలాన్ (ఒకే స్విచ్‌పై విడిగా ఉండే నెట్‌వర్క్ భాగం) 10, సందర్శకుల వైఫైకి వీలాన్ 20 ఏర్పాటు చేసి, పోర్టులను ఒక్కొక్కటిగా వాటిలోకి మారుస్తుండగా బ్రౌజర్‌లో స్విచ్ పేజీ ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ తెరుచుకోలేదు. చివరికి కరెంటు తీసి పెడితే పేజీ వచ్చింది గానీ, చేసిన మార్పులన్నీ పోయాయి. స్విచ్‌లో లోపం ఉందంటారా?

జవాబు: లోపం లేదు. పైగా మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో రెండోదే మిమ్మల్ని మొదటిదాని నుంచి బయటపడేసింది.

కొత్త స్విచ్‌లో పోర్టులన్నీ వీలాన్ 1లోనే ఉంటాయి. స్విచ్‌ను నిర్వహించడానికి వాడే ఐపీ చిరునామా కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. మీరు వరుసగా పోర్టులు మారుస్తూ పోయి, మీ సొంత కంప్యూటర్ తగిలించి ఉన్న పోర్టును కూడా వీలాన్ 10లోకి పంపించి ఉంటారు. రౌటర్ గానీ లేయర్ 3 స్విచ్ గానీ దారి కల్పిస్తే తప్ప ఒక వీలాన్ నుంచి మరో వీలాన్‌కు రాకపోకలు ఉండవు కనుక, మీరు ఒక గదిలో, స్విచ్ చిరునామా ఇంకో గదిలో ఉండిపోయాయి. ఇక మార్పులు పోవడానికి కారణం ఏమిటంటే, చాలా స్విచ్‌లలో సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి: ప్రస్తుతం నడుస్తున్నవి రన్నింగ్ కాన్ఫిగరేషన్‌లో, కరెంటు వచ్చినప్పుడు చదువుకునేవి స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లో. ‘సేవ్’ నొక్కేదాకా మొదటిది రెండోదానిలోకి చేరదు. మీరు నొక్కలేదు కాబట్టే తిరిగి లోపలికి వెళ్లగలిగారు. నొక్కి ఉంటే స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ వెతుక్కోవలసి వచ్చేది, లేదా స్విచ్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి మొదటి నుంచి చేసుకోవలసి వచ్చేది. అయితే కొన్ని నమూనాలలో ‘అప్లై’ నొక్కగానే మార్పు శాశ్వతమవుతుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో ముందే చూసుకోండి.

ఈసారి మొదలుపెట్టేటప్పుడు 24వ పోర్టును పక్కన పెట్టి, మీ కంప్యూటర్‌ను దానికే తగిలించి, పని మొత్తం పూర్తయ్యేదాకా ఆ పోర్టు జోలికి వెళ్లకండి. ముందు వీలాన్‌లను సృష్టించండి. తర్వాత రౌటర్‌కు వెళ్లే పోర్టును వీలాన్ 10కీ 20కీ ‘ట్యాగ్డ్’ సభ్యునిగా చేయండి. 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఈ ట్యాగ్ ఫ్రేమ్‌లో (నెట్‌వర్క్‌పై వెళ్లే సమాచార పొట్లంలో) చేరే 4 బైట్ల గుర్తు. అందులో 12 బిట్లు వీలాన్ సంఖ్యకు కేటాయించారు కనుక 1 నుంచి 4094 వరకు సంఖ్యలు వాడుకోవచ్చు. ఆ గుర్తును అవతలి కొసన రౌటర్ కూడా అర్థం చేసుకోవాలి. అందుచేత అక్కడా అవే సంఖ్యలతో వీలాన్‌లు ఉండి, ఒక్కొక్కదానికి వేరే ఐపీ శ్రేణి, వేరే డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలను వాటంతటవే పంచే) ఏర్పాటు ఉండాలి.

కంప్యూటర్లు తగిలించే పోర్టుల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. వెబ్ పేజీతో నడిచే చాలా స్విచ్‌లలో ఒక పోర్టుకు రెండు వేర్వేరు పట్టికలు ఉంటాయి. మొదటిది సభ్యత్వ పట్టిక: ఏ వీలాన్ ఫ్రేములు ఈ పోర్టు గుండా బయటికి వెళ్లవచ్చో, ట్యాగ్‌తో వెళ్లాలో తీసేసి వెళ్లాలో అది చెబుతుంది. రెండోది పీవీఐడీ: ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చిన ఫ్రేమును ఏ వీలాన్‌లో వేయాలో అది చెబుతుంది. ఉదాహరణకు 5వ పోర్టును వీలాన్ 20కి ‘అన్‌ట్యాగ్డ్’ సభ్యునిగా చేసి, వీలాన్ 1 సభ్యత్వం తీసేయకుండా, పీవీఐడీని 1గానే వదిలేశారనుకోండి. ఆ కంప్యూటర్ పంపేదంతా వీలాన్ 1లోకే పోతుంది, జవాబులూ అక్కడి నుంచే వస్తాయి. చూడటానికి అంతా చక్కగా పనిచేస్తున్నట్టే ఉంటుంది, నిజానికి సందర్శకుడు మీ స్విచ్ చిరునామా ఉన్న గదిలోనే కూర్చుని ఉంటాడు. అందుకే ఇంటర్నెట్ వస్తోంది కదా అని సరిపెట్టుకోకుండా, ఆ కంప్యూటర్‌కు వచ్చిన ఐపీ చిరునామా వీలాన్ 20 శ్రేణిలోనిదేనా అని తప్పక చూడండి. కాకపోతే పీవీఐడీని 20 చేసి, వీలాన్ 1 నుంచి ఆ పోర్టును తీసేయండి.

ఇవన్నీ సరిచూసుకున్నాకే సేవ్ చేసి, సెట్టింగుల ఫైలును ఒక ప్రతి మీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

ప్రశ్న: మా స్విచ్‌కు కంప్యూటర్ తగిలించిన తర్వాత నెట్‌వర్క్ రావడానికి సుమారు అర నిమిషం పడుతోంది. స్పానింగ్ ట్రీని (నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా చూసే ఏర్పాటును) ఆపేస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఆపవచ్చా?

జవాబు: దయచేసి ఆపకండి. ఈథర్నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క ఉండదు. ఐపీ ప్యాకెట్ అయితే రౌటర్ దాటిన ప్రతిసారీ దాని టీటీఎల్ (ఆయుష్షు లెక్క) ఒకటి తగ్గి చివరికి రాలిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు ఆ ఏర్పాటు లేదు. ఎవరైనా తెలియక ఒకే కేబుల్ రెండు కొసలనూ గోడలోని రెండు సాకెట్లలో పెడితే, ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే) ఫ్రేము చాలు, అది తిరుగుతూ తన ప్రతులను పెంచుకుంటూ క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ ఆ వలయాన్ని గుర్తించి ఒక పోర్టును మూసి ఉంచుతుంది.

మీరు చూస్తున్న ఆలస్యం పాత పద్ధతిది: పోర్టు 15 సెకన్లు వినడంలోనూ, మరో 15 సెకన్లు నేర్చుకోవడంలోనూ గడిపాకే తెరుచుకుంటుంది. స్విచ్‌లో ఆర్‌ఎస్‌టీపీని (స్పానింగ్ ట్రీకి వేగవంతమైన రూపాన్ని) ఎంచుకుని, కంప్యూటర్లు, ప్రింటర్లు తగిలించే పోర్టులను మాత్రం ‘ఎడ్జ్’ పోర్టులుగా గుర్తించండి. కొన్ని స్విచ్‌లలో దీన్ని పోర్ట్‌ఫాస్ట్ అంటారు. అవి వెంటనే తెరుచుకుంటాయి. వాటిపై బీపీడీయూ గార్డ్ కూడా పెడితే, స్పానింగ్ ట్రీ సందేశాలు పంపే మరో స్విచ్‌ను ఎవరైనా అక్కడ తగిలించిన మరుక్షణం ఆ పోర్టు మూసుకుంటుంది. స్విచ్‌ల మధ్య ఉన్న పోర్టులకు మాత్రం ఈ రెండూ పెట్టవద్దు. ఒకటి కంటే ఎక్కువ స్విచ్‌లు ఉంటే, మధ్యలో ఉన్న ప్రధాన స్విచ్ ప్రయారిటీని మామూలుగా ఉండే 32768 నుంచి 4096కు తగ్గించండి. తక్కువ సంఖ్య ఉన్నదే రూట్ (స్పానింగ్ ట్రీకి కేంద్రమైన స్విచ్) అవుతుంది.

ప్రశ్న: స్విచ్ లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంది కదా, పాస్‌వర్డ్ మార్చడం అవసరమా?

జవాబు: అవసరమే, వీలాన్‌ల కంటే ముందు చేయవలసిన పని అదే. దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్లడానికి వాడే టెల్నెట్‌లో పాస్‌వర్డ్ బహిరంగంగా ప్రయాణిస్తుంది కనుక దాన్ని మూసి, పాస్‌వర్డ్‌ను రహస్యంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ వాడండి. వెబ్ పేజీకి హెచ్‌టీటీపీఎస్ పెట్టండి. స్విచ్ స్థితిని దూరం నుంచి గమనించే ఎస్‌ఎన్‌ఎంపీ వాడకపోతే ఆపేయండి. వాడితే మూడో వెర్షన్‌నే ఎంచుకోండి, ఎందుకంటే పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా పనిచేసే ‘పబ్లిక్’ అనే మాట తెలిసినవారెవరైనా స్విచ్ వివరాలు చదివేయగలిగే అవకాశం ఉంది.