తెలుపు మీద రంగు నిలవాలంటే

ప్రశ్న: 19వ శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు, కవి రొసెట్టిలా కావ్యఘట్టాలను నీటిరంగుల్లో వేస్తున్నాను. అడుగున తెలుపు పూసి పైన ఎరుపు, నీలం వేస్తే సున్నం కలిసినట్టు వెలిసిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: అడుగు తెలుపు లేచి పై రంగులో కలుస్తోంది. జింక్ తెలుపు, అంటే చైనీస్ వైట్, ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. తడి కుంచె అదే చోట రెండోసారి తిరిగితే చాలు, పని చెడిపోతుంది. పక్షిగూళ్ల చిత్రాలకు పేరొందిన ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హెన్రీ హంట్ ఇలా తెలుపు మీద రంగు చెడకుండా వేయడంలో దిట్ట.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) హాట్ ప్రెస్, అంటే నున్నటి కాగితాన్ని తడిపి బోర్డుకు బిగించండి. ముఖం, నగలు, దుస్తుల మడతలు, ఇలా వెలుగు పడే చోట మాత్రమే తెలుపు పూయండి. అది చిక్కటి పెరుగులా ఉండాలి. టీస్పూను తెలుపుకు తుమ్మబంక నీళ్లు రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే ఆరాక పగుళ్లిస్తుంది. రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత 0 నంబరు కుంచెను రంగులో ముంచి, గుడ్డకు అద్ది, తెలుపు కలపని రంగును సన్నటి గీతలుగా, చుక్కలుగా పెట్టండి. పెట్టినదాన్ని మళ్లీ ముట్టుకోకండి. చాయ ముదరాలంటే ఆరాక దాని పక్కనే ఇంకో గీత. నీలం గీతల మధ్య ఎరుపు గీతలు దూరం నుంచి ఊదాగా కనిపిస్తాయి. పాలెట్ మీద కలిపిన ఊదాకు ఆ జీవం రాదు.

ప్రశ్న: కథంతా ఒకే బొమ్మలో ఎలా చెప్పాలి?

జవాబు: అంతా చెప్పాలనుకోకండి. ‘పావొలో, ఫ్రాన్సెస్కా’ (1855)లో రొసెట్టి మూడు గడులతో సరిపెట్టాడు. ఎడమ గడిలో ముద్దుపెట్టుకుంటున్న ప్రేమికులు, ఒడిలో వాళ్లు చదువుతున్న పుస్తకం. మధ్యలో తన కావ్యంలో ఈ కథ చెప్పిన ఇటలీ కవి డాంటే, అందులో ఆయనకు నరకంలో దారి చూపే రోమన్ కవి వర్జిల్. కుడివైపు నరకంలో గాలికి కొట్టుకుపోతున్న ఆ ఇద్దరే. ముద్దుకు కారణం పుస్తకం, దానికి పడిన శిక్ష గాలి. మీ ఘట్టంలోనూ అలాంటి వస్తువొకటి ముందు వెతకండి.

ప్రశ్న: పైన వార్నిష్ వేయొచ్చా?

జవాబు: వద్దు. ఇంగ్లిష్ కవి బ్రౌనింగ్ కవిత పేరు పెట్టుకున్న, చిత్రకారుడు బర్న్-జోన్స్ వేసిన నీటిరంగుల చిత్రం ‘లవ్ అమాంగ్ ద రూయిన్స్’ను 1893లో పారిస్‌లో ఫొటో తీసేముందు నూనెరంగులని పొరబడి గుడ్డు తెల్లసొన పూశారు. చిత్రం బాగా పాడైంది, 1898లో ఆయనే బాగుచేయాల్సి వచ్చింది. లోతు కావాలంటే ముదురు నీడలపై మాత్రం పలచటి తుమ్మబంక ఒక పూత వేయండి. ఫ్రేము అద్దం రంగుకు తగలకుండా మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట అంచు పెట్టండి. వెలుగు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకండి. కార్మైన్, క్రిమ్సన్ లేక్ లాంటి ఎరుపులు వెలుతురుకు వెలిసిపోతాయని నీటిరంగులపై వెలుతురు ప్రభావాన్ని పరీక్షించిన రస్సెల్, ఆబ్నీల నివేదిక 1888లోనే చెప్పింది. వాటి బదులు వెలుతురుకు తట్టుకునే క్వినాక్రిడోన్ ఎరుపు వాడండి.